కనికట్టు వెనక చేతులు

పుస్తకాల ముచ్చట: పాఠకుల ప్రశ్నలకు తిరుపతి నుంచి జవాబులు

సెలవులు దగ్గరపడే కొద్దీ నాకొచ్చే ఉత్తరాల్లో పిల్లల పుస్తకాల మాటే ఎక్కువగా ఉంటుంది. ఈ మధ్య నేను కూడా పిల్లల మాయాజాల కథలూ, అట్లాంటి కథల్ని సినిమాలుగా ఎట్లా తీశారో చెప్పే పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. అందుకని ఈ నెల ఆ ఉత్తరాలకే జవాబులు. మిగిలినవి వచ్చే నెల.

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. మంత్రగాళ్లు, ఎగిరే గుర్రాలు ఉన్న కథలైతే అన్నం కూడా మరిచిపోయి చదువుతుంది. ఇలాంటి సినిమాలు ఎలా తీస్తారో చెప్పే పుస్తకం ఒకటి కొనిద్దామనుకున్నాను. మావారు వద్దంటున్నారు. ‘గుట్టు తెలిసిపోతే ఇంక మజా ఏముంటుంది? కొన్నాళ్లు అట్లాగే నమ్మనీ’ అంటారు. మీరేమంటారు మేడం?
— ఒక అమ్మ, చిత్తూరు

జవాబు: కొనివ్వమ్మా, వెనకాడొద్దు. మీవారి భయం పాప మీద ప్రేమతో పుట్టిందే, కాదనను. కానీ గుట్టు తెలిస్తే అబ్బురం పోతుందన్న మాట మాత్రం నేను ఒప్పుకోలేను. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకి పాపని తీసుకుని తిరుపతి రండి. బైరాగి వేషం నాడు తల్లులు తమ పిల్లల ఒంటికి తెల్ల సుద్ద కలిపి పూస్తారు. సుద్ద తడిపిందీ తనే, పూసిందీ తనే. లోపలున్నది తన కొడుకేనని ఆ తల్లికి తెలియక కాదు. తెలిసే, భక్తితో వాడి వెంట గుడిదాకా నడుస్తుంది. మన ఊళ్లో ఇది తరతరాలుగా చూస్తున్నదే.

ఇప్పుడు పుస్తకాల సంగతి. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన ‘ద వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఓజ్’ని ఈ మధ్యే మళ్లీ చదివాను. కాన్సస్ అనే మెట్ట ప్రాంతంలో ఉండే డొరొతీ అనే పిల్లని ఇంటితో సహా సుడిగాలి ఎత్తుకుపోయి ఒక వింత దేశంలో పడేస్తుంది. ఇల్లు చేరాలంటే పచ్చల నగరంలో ఉన్న మహా మాంత్రికుణ్ణి అడగాలి. దారిలో మెదడు కావాలనే గడ్డిబొమ్మ, గుండె కావాలనే రేకు మనిషి, ధైర్యం కావాలనే సింహం తోడవుతారు. తీరా పోయాక కుక్కపిల్ల టోటో తగిలి అక్కడున్న అడ్డుతెర పడిపోతుంది. వెనక మాంత్రికుడూ లేడు, గీంత్రికుడూ లేడు. బట్టతల ముసలాయన ఒకడు నిలబడి ఉంటాడు.

మీవారి లెక్క ప్రకారం కథ అక్కడితో అయిపోవాలి. నాకు బాగా నచ్చిన ఘట్టం అక్కడే మొదలైంది. గుట్టు రట్టయ్యాక కూడా గడ్డిబొమ్మ ‘మరి నా మెదడు?’ అనే అడుగుతుంది. ఆయన తవుడులో సూదులూ గుండుసూదులూ కలిపి దాని తలలో కూరుతాడు. రేకు మనిషికి రంపపు పొట్టు నింపిన పట్టుగుండె పెడతాడు. చేసేది మామూలు మనిషేనని వాళ్లకి తెలుసు. అయినా తృప్తిగా పుచ్చుకుంటారు. పచ్చల నగరం పచ్చదనం కూడా అంతే. ఊళ్లోకి వచ్చేవాళ్లందరికీ ఆకుపచ్చ కళ్లద్దాలు పెట్టి తాళం వేస్తారు! పిల్లల కథలో ఇంత తెలివి దాచిపెట్టినందుకు బామ్‌కి చేతులెత్తి మొక్కాలి.

ఈ కథని 1939లో ఎమ్‌జీఎమ్ వాళ్లు సినిమాగా తీశారు. ఆ తయారీ మీద అల్జీన్ హార్మెట్జ్ అనే ఆవిడ 1977లో ఒక పుస్తకం రాశారు. నవల మొదటి పేజీల్లో కాన్సస్ అంతా బూడిదరంగే. నేల, ఇల్లు, చివరికి పిన్నమ్మ కళ్లు కూడా. సినిమావాళ్లు ఆ రంగుని గట్టిగా పట్టుకున్నారు. కాన్సస్‌ని రంగుల్లేకుండా తీసి, ఓజ్ దేశంలో తలుపు తెరుచుకోగానే రంగులు కుమ్మరించారు. నవల్లో డొరొతీవి వెండి బూట్లు. రంగుల సినిమాలో వెలిగిపోవాలని వాటిని కెంపు బూట్లు చేశారు. ఒకచోట పుస్తకాన్ని నమ్మి, ఇంకోచోట పుస్తకాన్ని దాటి, రెండూ తెర కోసమే చేశారు. ఇది అర్థమైన పిల్ల మళ్లీ కథ చదివేటప్పుడు ప్రతి రంగు దగ్గరా ఆగుతుంది.

ఇక సుడిగాలి. మొదట రబ్బరుతో చేయిస్తే అది మెలి తిరగలేదట. అప్పుడు ఎఫెక్ట్స్ చూసే ఆర్నాల్డ్ గిలెస్పీ మస్లిన్ గుడ్డతో 35 అడుగుల గొట్టం కుట్టించాడు. దాని పైకొసని స్టూడియో కప్పు కింద నడిచే ఇనప దూలానికీ, కింది కొసని నేల మీద కదిలే బండికీ తగిలించాడు. పైనొకవైపు, కిందొకవైపు లాగుతుంటే గుడ్డ వంకర్లు తిరుగుతూ ముందుకొచ్చింది. చుట్టూ గాలితో చిమ్మిన దుమ్ము ఇంకేదో కాదు, మన ఆడపిల్లలు మొహానికి పట్టించుకునే ముల్తానీ మట్టి జాతిదే. ఇదంతా చదివాక సినిమా మళ్లీ పెట్టుకుని చూశాను. గుడ్డ అని తెలిసి కూడా ఒళ్లు జలదరించింది. శనివారాలు మా మిద్దె మీదికి కథలు వినడానికొచ్చే పిల్లలకి ఆ ముక్క చూపిస్తే, ఆపి ఆపి చూశారు. ‘అవ్వా, పాత చీర ఉందా?’ అన్నారు. నీళ్ల ట్యాంకు నిచ్చెనకి ఒక కొస కట్టి, ఇంకో కొస పట్టుకుని ఇద్దరు అటూ ఇటూ పరుగెత్తుతుంటే, ఒకడు నేల మీద పడుకుని ఫోన్‌లో తీశాడు. చీర చీరలాగే వచ్చింది. కానీ ఎగువన నెమ్మదిగా, దిగువన వేగంగా లాగితే బాగుంటుందని వాళ్లంతట వాళ్లే కనిపెట్టారు. పిల్లల్లో అబ్బురం పోయిందా, పెరిగిందా? మీవారినే అడగండి.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. హార్మెట్జ్ పుస్తకం పెద్దల కోసం రాసింది, బాధపెట్టే పేజీలున్నాయి. రేకు మనిషి వేషానికి మొదట తీసుకున్న బడ్డీ ఎబ్‌సెన్ మొహానికి పూసిన అల్యూమినియం పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి, ఆయన ఆసుపత్రి పాలయ్యాడు. వేషం ఇంకొకరికి పోయింది. మంత్రగత్తె వేసిన మార్గరెట్ హామిల్టన్ అంతకుముందు చిన్నపిల్లల టీచరు. పొగలో మాయమయ్యే సీనులో ఆవిడ నేల కిందికి దిగకముందే మంట లేచి మొహం, చెయ్యి కాలాయి. ఆకుపచ్చ రంగులో రాగి ఉందని, కాలిన చర్మం మీదే ఆల్కహాల్‌తో రుద్ది తీయాల్సి వచ్చింది. ఆరు వారాలు ఇంట్లో ఉండి మళ్లీ వచ్చినప్పుడు, ఇంక నిప్పుతో పని చేయనని తెగేసి చెప్పింది. ఇలాంటివి మీరు చదివి, పాపకి ఎంతవరకు చెప్పాలో మీరే చూసుకోండి. అసలు దాచొద్దు. మనం చూసి కేరింతలు కొట్టే సీను కోసం ఎవరి ఒళ్లు కాలిందో పిల్లలకి తెలియాలి.

పాప చేతికే ఇవ్వాలంటే హారీ పాటర్ సినిమాల తయారీ మీద నిండా బొమ్మలతో పుస్తకాలున్నాయి. భోజనశాలలో గాల్లో తేలే కొవ్వొత్తులని ముందు నిజంగానే తీగలకి వేలాడదీశారు. మంట వేడికి తీగలు తెగి కొవ్వొత్తులు కింద పడుతుంటే, ఆ పని కంప్యూటర్‌కి అప్పగించారు. మంత్రదండాల అంగడి సెట్లో అట్టపెట్టెలు 17,000కి పైనే, ఒక్కొక్కదానికీ విడిగా చీటీ. కెమెరా వాటిలో ఎన్నింటి దగ్గర ఆగింది? ఆగదని తెలిసీ చీటీలు అంటించిన ఆ చేతులంటేనే నాకు గౌరవం.

ప్రశ్న: మిఖాయేల్ ఎండే రాసిన ‘ద నెవరెండింగ్ స్టోరీ’ సినిమా చూశాను. పుస్తకం వేరుగా చదవాలా?
— ఇంటర్ విద్యార్థిని, పుత్తూరు

జవాబు: తప్పకుండా చదువు తల్లీ. 1984లో వచ్చిన ఆ సినిమా నవల్లో మొదటి సగంతోనే ఆగిపోయింది. 1979లో జర్మన్‌లో ఈ నవల రాసిన ఎండేకి సినిమా ఎంత నచ్చలేదంటే, తన పేరు తీసేయమన్నాడు. రెండో సగం చదివితే ఆయన కోపం అర్థమవుతుంది. బాస్టియన్ అనే పిల్లవాడు తాను చదువుతున్న కథలోకే వెళ్లిపోతాడు. అక్కడ ఏది కోరితే అది జరుగుతుంది. కానీ కోరిక తీరినప్పుడల్లా వాడి పాత జ్ఞాపకం ఒకటి చెరిగిపోతుంది. కోరి కోరి చివరికి తన పేరు కూడా మరిచిపోయే దశకి వస్తాడు. నాకు ఆ అధ్యాయాల్లో నిద్ర పట్టలేదు. రెండు రంగుల సిరాతో అచ్చేసిన ప్రతి దొరికితే అదే తీసుకో. మన లోకానికి ఒక రంగు, కథాలోకానికి ఇంకో రంగు. ఇంగ్లీషు నీ స్థాయికి కష్టం కాదు.

ప్రశ్న: మా మనవళ్లు ఇంగ్లీషు ఫాంటసీలే చదువుతారు. మా కాలపు చందమామ సీరియళ్లు ఇప్పుడు పుస్తకాలుగా దొరుకుతున్నాయి కదా. అవి వాళ్లకి ఎక్కుతాయా, లేక మా వయసువాళ్ల బెంగ తీర్చుకోవడానికేనా?
— విశ్రాంత ఉద్యోగి, మదనపల్లె

జవాబు: ఎక్కుతాయండి, గట్టిగా చదివి వినిపిస్తే. ‘తోకచుక్క’ని మా మిద్దె మీద వారానికి కొంత చొప్పున చదివాను. సమరసేనుడి ఓడలు కుండలినీ ద్వీపం నుంచి బయలుదేరడమే ఆలస్యం, పిల్లలు నోరు తెరుచుకుని కూర్చున్నారు. ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికుల మధ్య నలిగిపోయే మామూలు సైనికుల కథ అది. దాసరి సుబ్రహ్మణ్యంగారు వాక్యాన్ని ఎక్కడా సాగదీయరు. వర్ణన రెండు ముక్కల్లో ముగించి మనిషిని ప్రమాదంలోకి తోసేస్తారు. నెలకొకసారి వచ్చే పత్రిక కాబట్టి ప్రతి భాగమూ ఒక చిక్కు దగ్గర ఆగుతుంది. గట్టిగా చదివేవాళ్లకి ఇది వరం. పుస్తకం మూయగానే ‘ఇంకొక్కటి అవ్వా’ అని గోల.

లోటు కూడా చెప్తాను. ఆ సాహసాల్లో ఆడపిల్లలకి చోటు బాగా తక్కువ. మా పిల్లల్లో ఒక పాప ‘ఓడలో ఆడవాళ్లు ఎందుకు లేరు?’ అని అడిగింది. సరైన ప్రశ్న. ఆ కొరత అక్కడ ఉంది, దాన్ని సమర్థించాల్సిన పనిలేదు. అడవి మనుషుల్ని చూపించే తీరు కూడా ఈ కాలానికి నచ్చదు. చదువుతూ ఆగి మాట్లాడుకోండి.

చందమామ 1947 జూలైలో మొదలైందని, నాగిరెడ్డి, చక్రపాణి పెట్టారని అందరికీ తెలుసు. 1954 నుంచి పిల్లల్ని నిద్రపోనివ్వని ఆ సీరియళ్లు రాసిన ఆయన పేరు మాత్రం పత్రికలో కనిపించేది కాదు. ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘పాతాళ దుర్గం’, ‘శిథిలాలయం’, ‘భల్లూక మాంత్రికుడు’ అన్నీ ఒకే చేతి నుంచి వచ్చాయని చాలామందికి చాలా ఏళ్లు తెలియదు. చిత్రాగారి బొమ్మల్లో కళ్లు ఉబ్బిన రాక్షసుల్ని గుర్తుపట్టిన మనం, రచయితని గుర్తుపట్టలేకపోయాం. దాసరిగారు 2010లో పోయారు. ఇప్పుడు అట్ట మీద ఆయన పేరుంది. మనవళ్లకి ఇచ్చేముందు ఆ పేరు వాళ్లచేత ఒకసారి చదివించండి.

ప్రశ్న: ఇంగ్లీషు సినిమాల తెరవెనక పుస్తకాల గురించి చెప్తుంటారు. మన తెలుగు మాయాజాల సినిమాల మీద చదవడానికేమీ లేదా?
— డిగ్రీ విద్యార్థి, తిరుచానూరు

జవాబు: ఉంది, కానీ నిండా ఫోటోలతో, డిజైన్ బొమ్మలతో వచ్చినవి నాకు తక్కువగా కనిపించాయి. మనవాళ్ల సంగతులు జ్ఞాపకాల పుస్తకాల్లో చెల్లాచెదురుగా ఉంటాయి, ఓపిగ్గా ఏరుకోవాలి. రావి కొండలరావుగారి ‘నాగావళి నుంచి మంజీర వరకు’ దగ్గర మొదలుపెట్టు. విజయచిత్ర పత్రికలో పనిచేసిన మనిషి, నటుడు, 1994లో వచ్చిన ‘భైరవ ద్వీపం’కి కథ రాసినవాడు. ఆ సినిమాకి దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు. ఆయన అంతకు ముప్పై ఏడేళ్ల ముందు ‘మాయాబజార్’కి కె.వి. రెడ్డిగారి దగ్గర సహాయకుడు. ఒక తరం చేతిలోంచి ఇంకో తరం చేతిలోకి పని ఎట్లా పోయిందో ఇందులో తెలుస్తుంది.

1957లో వచ్చిన ‘మాయాబజార్’ కోసం ద్వారకని ఎట్లా కట్టారో చూడు. సుమారు 50 అడుగులకి 60 అడుగుల స్థలంలో దాదాపు 300 బొమ్మ ఇళ్లు నిలబెట్టి, వాటికి కరెంటు దీపాలు పెట్టారు. వెలుగుతున్న కిటికీలు చూసి మనం మహానగరం అనుకున్నాం. కళాదర్శకులు గోఖలే, కళాధర్. కెమెరా మార్కస్ బార్‌ట్లీ. తెర మీద ఆయన పుట్టించిన వెన్నెల గురించి ఇప్పటికీ కెమెరావాళ్లు చెప్పుకుంటారు. కె.వి. రెడ్డిగారైతే ముందే రిహార్సల్ చేయించి, ఏ సీను ఎంతసేపు వస్తుందో లెక్క కట్టించి గానీ కెమెరా తిప్పేవారు కాదు. ఘటోత్కచుడి అల్లరి అంత హాయిగా సాగిపోవడం వెనక అంత లెక్క ఉంది.

వైద్యానికని చెన్నైకి, వడపళని విజయా హాస్పిటల్‌కి పోయే మన జిల్లావాళ్లు చాలామంది ఉన్నారు. విజయా వాహినీ స్టూడియో ఉన్న నేల అదే. ఈసారి ఎవరికైనా తోడుగా పోయి వరండాలో కూర్చోవాల్సి వస్తే, ఫోన్‌లో ద్వారక సీను పెట్టుకుని చూడు. నేనట్లా చూశాను, పక్కన కూర్చున్న పెద్దాయన కూడా తల వంచి చివరిదాకా చూశాడు.

నాకున్న కోరిక ఒకటే. ఆ 300 ఇళ్లకి రంగు వేసినవాళ్లు, దీపాల తీగలు లాగినవాళ్లు ఎవరో పేర్లతో సహా చెప్పే పుస్తకం తెలుగులో రావాలి. నువ్వు చదువుతున్నది డిగ్రీ కాబట్టి అడుగుతున్నా: ప్రాజెక్టుకి విషయం వెతుక్కుంటుంటే ఇది తీసుకోకూడదా? ఆ కాలంలో పనిచేసినవాళ్ల పిల్లలు ఇంకా ఉన్నారు. ఆలస్యమైతే అడగడానికి ఎవరూ దొరకరు.

ప్రశ్న: ఈ బొమ్మల పుస్తకాల ధరలు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఏం చేయాలి?
— టైలరు, శ్రీకాళహస్తి

జవాబు: నిజమేనండి, ఒక్కింటికి భారమే. మా వీధిలో నలుగురం కలిసి ఒకటి కొని, నెల చొప్పున తిప్పుకుంటున్నాం. లైబ్రరీలో కావాలని రాసిచ్చి, ఒకరిద్దరి చేత కూడా రాయించండి. చెన్నై పోతే పాత పుస్తకాల అంగళ్లు వెతకండి, అట్ట నలిగినా లోపలి బొమ్మలకేం కాదు. మీరు కుట్టుపనివారు కాబట్టి చెప్తున్నా, ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ సినిమాల దుస్తులున్న పేజీలు మీకు బాగా నచ్చుతాయి. ఇనప కవచాల్లా కనిపించడానికి ప్లాస్టిక్ గొట్టాలు కోసి, కోటీ ఇరవై అయిదు లక్షల రింగులు చేత్తో ఒకదానికొకటి తగిలించారు. ఆ శ్రమ విలువ మీకు తెలిసినంతగా నాకు తెలియదు.

ప్రశ్న: నేను చంద్రగిరి కోట మీద ఫాంటసీ నవల రాస్తున్నాను. మా అవ్వ చెప్పిన నిధి కథ నుంచి మొదలుపెట్టాను. హీరోకి ఎగరడం, మాయమవడం, రాళ్లతో మాట్లాడటం అన్నీ వస్తాయి. మొదటి అధ్యాయం పంపుతున్నాను. ఎలా ఉందో చెప్పండి.
— తొమ్మిదో తరగతి, చంద్రగిరి

జవాబు: నాయనా, రెండుసార్లు చదివాను. రాత్రిపూట కోటగోడ మీద వాడు నడిచే పేరా చాలా బాగుంది, అందులో ఒక్క అక్షరం కూడా మార్చకు. రాళ్లతో మాట్లాడటం కూడా ఉంచు. ఎగరడం, మాయమవడం రెండూ తీసేయ్. ఎగరగలిగినవాడికి కోటగోడ అడ్డం కాదు, మాయమయ్యేవాడికి కాపలావాడు అడ్డం కాదు. ఇంక నేనెందుకు టెన్షన్ పడాలి? పైన పుత్తూరు అమ్మాయికి చెప్పిన బాస్టియన్ సంగతి చూడు. వాడి ప్రతి కోరికకీ వాడేదో పోగొట్టుకుంటాడు. నీ హీరో రాయితో మాట్లాడిన ప్రతిసారీ ఏం పోగొట్టుకుంటాడో ముందు నువ్వు తేల్చుకో.

తర్వాత ఒక ఆదివారం నోట్‌బుక్ తీసుకుని రాజమహల్‌కి పో. నువ్వు రాసిన మహల్లో చెక్క దూలాలు విరిగి పడుతున్నాయి. అసలు రాజమహల్‌లో కలపే వాడలేదు, మూడంతస్తులూ రాయి, ఇటుక, సున్నంతో కట్టిందే. అది నీ కథకి ఎంత పనికొస్తుందో చూడు! రాళ్లతో మాట్లాడే పిల్లవాడికి, చెక్కముక్క లేని మహల్ కంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? లోపల చల్లగా ఎక్కడుంటుంది, అడుగుల చప్పుడు ఎక్కడ మారుతుంది, కిటికీ నీడ ఏ వేళకి ఎటు పడుతుంది, ఇవన్నీ రాసుకో. మ్యూజియం విగ్రహాల్లో ముక్కు విరిగినవో చెయ్యి విరిగినవో ఉంటే, ఒకదాన్ని ఎంచుకుని మొదట దానితో మాట్లాడించు.

మీ అవ్వని ఆ నిధి కథ ఇంకోసారి చెప్పమని, ఆవిడ మాటల్లోనే రాసుకో. పుస్తకంగా కుట్టేటప్పుడు మొదటి పేజీలో నీ పేరుతో పాటు కథ చెప్పిన మీ అవ్వ పేరు కూడా పెట్టు. రెండో అధ్యాయం అయ్యాక పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి, వెనక సిరా దిగి చదవడం కష్టమైంది.